గంగవాయిలి క్లబ్బు

ఈ బ్లాగు చదివేవారికి నా సంగతి తెలిసిందే. పద్యాలు, పాత పుస్తకాలు, ఎప్పుడైనా బుద్ధి పుడితే ఒక వంట. ఇంతకు మించి నా రాత గడప దాటింది లేదు. ఆటల గురించి ఒక టపా రాస్తానని నేనే ఏనాడూ అనుకోలేదు. బడిలో ఫుట్‌బాల్ ఆడేటప్పుడు ఎవరూ నిలబడడానికి ఇష్టపడని గోలు ముందు నన్ను నిలబెట్టేవారు. బంతి నావైపు వస్తే కళ్ళు గట్టిగా మూసుకొనేవాణ్ణి. నా క్రీడానుభవం మొత్తం అంతే.

అయినా ఈవేళ ఒక ఫుట్‌బాల్ క్లబ్బు కథ చెప్పాలని కూర్చున్నాను. అర్జెంటీనా ఫుట్‌బాల్ అనగానే మనవాళ్ళకు మరడోనా, మెస్సీ గుర్తుకు వస్తారు. నేను చెప్పబోయేది ఆ అర్జెంటీనా గురించి కాదు. రెండో డివిజన్‌లో ఆడుతూ, ఒకప్పుడు మూడో డివిజన్‌కు కూడా జారి, దివాలా తీసి, ఎలాగో బతికి బట్టకట్టిన ఒక పేట క్లబ్బు గురించి.

దాని పేరు ఫెర్రో కార్రిల్ ఓఎస్తె. స్పానిషు భాషలో ఫెర్రోకార్రిల్ అంటే రైలుమార్గం, ఓఎస్తె అంటే పడమర. మన మాటల్లో 'పడమటి రైల్వే'. ఊళ్ళో అందరూ 'ఫెర్రో' అంటే సరిపోతుంది. ఆటగాళ్ళు ఆకుపచ్చ చొక్కాలు తొడుక్కుంటారు కనుక 'వెర్దొలాగా' అన్న ముద్దుపేరు కూడా ఉంది. ఈ వెర్దొలాగా ఏమిటా అని నిఘంటువు తిరగేసి, ఆకు బొమ్మ చూసి, కాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. అది మన గంగవాయిలి కూర! కోస్తావారి గంగపాయల కూర. అమ్మ పప్పులో వేసి వండే పుల్లపుల్లని ఆకు. ఎవరూ విత్తకుండానే గోడ వారన, గట్టు మీద, ఇటుకల సందున మొలుస్తుందే, అదే. పీకి పారేసినా కాడ ఒక్కటి నేలకు తగిలితే చాలు, మళ్ళీ వేళ్ళూనుకుంటుంది. క్లబ్బు చరిత్ర తెలిశాక ఆ పేరు పెట్టినవారికి ఎంత ముందుచూపో అనిపించింది, వారు రంగును మాత్రమే చూసి పెట్టినా సరే.

*

2011లో ఉద్యోగం పని మీద బ్యూనస్ ఎయిరీస్ వెళ్ళి ఏడాదిన్నర ఉన్నాను. నేను అద్దెకున్న పేట పేరు కబజీతో, అంటే గుర్రప్పిల్ల. 1821లో ఇటలీ నుంచి వచ్చిన ఒకాయన అక్కడ అంగడి పెట్టి, గాలివాటు చూపించే రేకు గుర్రాన్ని దాని మీద నిలబెట్టాడట. ఆ గుర్రమే పేటకు పేరయింది.

మా నాన్న రైల్వేలో ఫిట్టరు. నిజాం కాలంనాటి లైను మీద ఒక లోకోషెడ్డులో ముప్ఫైనాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. నేను పుట్టింది, పెరిగింది రైల్వే కాలనీలోనే. బ్యూనస్ ఎయిరీస్ చేరాక మొదటిసారి ఫోను చేసినప్పుడు అమ్మ, అందరు అమ్మల్లాగే, తిండి గురించి అడిగింది. తరువాత నాన్న ఫోను అందుకున్నారు.

"అక్కడ రైళ్ళున్నయా?"

"ఉన్నాయి నాన్నా. మా ఇంటి దగ్గరే స్టేషను."

"గేజ్ ఎంత?"

నాకేం తెలుసు? రైలెక్కడమే కాని పట్టాలకు టేపు పెట్టి కొలిచానా? మర్నాడు వెతికి చూస్తే తెలిసింది, 1,676 మిల్లీమీటర్లు. అయిదడుగుల ఆరంగుళాలు. అంగుళం తేడా లేకుండా మన బ్రాడ్‌గేజే. ఆ సంగతి చెప్పినప్పుడు నాన్న గొంతులో కలిగిన సంబరం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "గంత దూరం పోయినా మన పట్టాలేనన్నమాట!" అన్నారు. ఆ రోజునుంచీ నేను పరాయి దేశంలో ఉన్నానన్న బెంగ ఆయనకు సగం తగ్గిపోయినట్టుంది.

ఈ గేజు వెనుక ఒక కథ కూడా ప్రచారంలో ఉంది. మనకు 1853లో బొంబాయి నుంచి ఠాణాకు మొదటి రైలు నడిస్తే, అర్జెంటీనాలో 1857 ఆగస్టులో నడిచింది. బ్యూనస్ ఎయిరీస్ నడిబొడ్డు నుంచి పడమటగా లా ఫ్లోరెస్తా దాకా పది కిలోమీటర్ల దారి. దారిలో ఉన్న స్టేషన్లలో మా కబజీతో ఒకటి. ఆ రైలును లాగిన ఇంజను పేరు 'లా పోర్తేన్యా'. ఇంగ్లండులోని లీడ్స్ పట్టణంలో తయారైంది. అది అసలు భారతదేశం కోసం చేసిన ఇంజననీ, క్రిమియా యుద్ధంలో వాడాక చవగ్గా అమ్మితే అర్జెంటీనావాళ్ళు కొనుక్కున్నారనీ, అందుకే ఆ దేశానికి మన గేజు వచ్చిందనీ జనం చెప్పుకుంటారు. చరిత్రకారులు ఒప్పుకోరు. నేను నాన్నకు కథ మాత్రమే చెప్పాను, చరిత్రకారుల అభ్యంతరం చెప్పలేదు. ఆ మాత్రం అబద్ధానికి పాపం రాదనుకున్నాను.

ఆ పడమటి రైల్వేను 1890లో ఒక బ్రిటిష్ కంపెనీ కొనుక్కుంది. 1904 జూలై 28న ఆ కంపెనీ ఉద్యోగులు 95 మంది కలిసి ఒక ఆటల క్లబ్బు పెట్టుకున్నారు. పట్టాల పక్కనే మైదానం తయారైంది. 1905 జనవరి 2న దాన్ని ప్రారంభించారు. నూటయిరవై ఏళ్ళు దాటినా ఫెర్రో నేటికీ అక్కడే ఆడుతుంది. ఆ దేశంలో ఇప్పటికీ వాడుకలో ఉన్న అతి పాత స్టేడియాలలో అదొకటి. ప్రేక్షకులు నిలబడే మెట్లు చెక్కతో కట్టినవి కనుక దాన్ని 'చెక్క గుడి' అనేవారు.

ఇంతవరకు ఈ కథలో నాకు కొత్త ఏమీ కనబడలేదు. మా కాలనీలోనూ రైల్వే ఇన్‌స్టిట్యూట్ ఉండేది. క్యారమ్స్ బల్లలు, షటిల్ కోర్టు, పత్రికలు, శనివారం రాత్రి తెర కట్టి వేసే సినిమా, వెనుక ఒక మైదానం. నాన్న జీతంలోంచి ప్రతి నెలా కొన్ని రూపాయలు దానికోసం పట్టుకునేవారు. తెల్లదొర ఎక్కడ పట్టాలు వేస్తే అక్కడ ఒక షెడ్డు, ఒక కాలనీ, ఒక ఇన్‌స్టిట్యూట్, వెనుక ఒక మైదానం. ఫెర్రో కూడా అలాంటిదే అనుకున్నాను. కాదని తెలియడానికి చాలా నెలలు పట్టింది.

*

నాకు ఆ క్లబ్బును చూపించినవాడు మా పక్క వాటాలో ఉండే పెద్దాయన. ఆ లైను మీదే సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. నాకు వచ్చిన నాలుగు స్పానిషు ముక్కలతో, "మా నాన్న కూడా రైల్వేనే" అని చెప్పగానే ఆయన నన్ను చుట్టరికం కలుపుకున్నాడు. ఆ తరువాతి శనివారం మధ్యాహ్నం తలుపు తట్టి, "రా, పిబె" అన్నాడు. పిబె అంటే పిల్లోడా అని. నాకప్పటికి ముప్ఫైయారేళ్ళు.

ఫ్లాస్కులో వేడినీళ్ళు, చంకలో మాతె టీ బుర్ర, మెడలో వెలిసిపోయిన ఆకుపచ్చ శాలువా. స్టేడియానికి నడిచే వెళ్ళాం. గేటు దగ్గర నేను టికెట్టు కొనుక్కున్నాను. ఆయన జేబులోంచి సభ్యత్వపు కార్డు తీసి చూపించాడు. చెక్క మెట్ల మీద జనం ఎగురుతుంటే కాళ్ళ కింద పలకలు కిర్రుమంటూ ఊగేవి. ఆట మధ్యలో అటు పక్కనుంచి రైలు పోతే కొందరు దానికేసి చెయ్యి ఊపారు. ఆట సున్నా-సున్నాగా ముగిసింది. నేను ఉన్న ఏడాదిన్నరలో ఏడెనిమిది సార్లు వెళ్ళి ఉంటాను. ఫెర్రో గెలవడం మాత్రం ఒక్కసారీ చూడలేదు. దిష్టి నాదే కాబోలు.

అలాంటి ఒక సాయంత్రం తిరిగి వస్తూ, "ఇంత ఓడిపోయే జట్టు వెంట ఎందుకు తిరుగుతారు?" అని అడిగాను. ఆయన నొచ్చుకోలేదు. 1981 సంగతి చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ మాటలు విన్నాక నేను స్వయంగా చదివి తెలుసుకున్నదంతా కలిపి చెబుతాను.

ఫెర్రో 1931లో అర్జెంటీనాలో వృత్తి ఫుట్‌బాల్ మొదలైనప్పుడు తొలి 18 క్లబ్బులలో ఒకటి. అయితే యాభై ఏళ్ళపాటు దాని బతుకు పైకి ఎక్కడం, కిందికి జారడం, మళ్ళీ ఎక్కడం. 1978లో కింది డివిజన్ నుంచి మరోసారి పైకి వచ్చింది. 1980లో కార్లోస్ తిమోతియో గ్రిగోల్ అనే శిక్షకుడు చేరాడు. ఆటగాడు మైదానంలోకి వెళ్ళే ముందు ఛాతీ మీద గట్టిగా చరిచి పంపేవాడు. నాలుగు డబ్బులు చేతికి రాగానే కారు కొనబోయే కుర్రవాళ్ళను మందలించి, ముందు ఇల్లు కొనుక్కోమనేవాడు. మన పెద్దవాళ్ళ మాటే కదూ?

1981లో ఫెర్రో లీగులో రెండో స్థానంలో నిలిచింది. మరడోనా ఆడిన బోకా జూనియర్స్ కంటే ఒక్క పాయింటు తక్కువ. ఆ ఏడే రెండో పోటీ ఫైనల్లో రివర్ ప్లేట్ చేతిలో ఓడిపోయింది. ఆ సంవత్సరమే ఫెర్రో గోల్‌కీపరు కార్లోస్ బారిసియో వరుసగా 1,075 నిమిషాలు గోలు పడనివ్వలేదు. దాదాపు పన్నెండు మ్యాచ్‌ల సమయం. బంతి వస్తే కళ్ళు మూసుకొనే నాలాంటివాడికి ఆ అంకె ఎంత గొప్పగా తోచిందో వేరే చెప్పనక్కరలేదు.

1982లో జాతీయ పోటీ గెలిచింది. 22 మ్యాచ్‌లు, ఒక్క ఓటమి లేదు. ఫైనల్ రెండో ఆట క్విల్మెస్ జట్టు మీద జూన్ 27న సొంత మైదానంలో జరిగింది, రెండు గోళ్ళతో గెలిచారు. తేదీ చూడండి. సైనిక ప్రభుత్వం మాల్వినాస్ దీవుల కోసం బ్రిటన్‌తో చేసిన యుద్ధంలో లొంగిపోయి అప్పటికి పదమూడు రోజులు. కుర్రవాళ్ళ శవాలు కూడా ఇళ్ళకు చేరని రోజులు. స్పెయిన్‌లో ప్రపంచకప్పు నడుస్తోంది, దేశం కళ్ళు అటున్నాయి. అలాంటి పూట, బ్రిటిష్ రైల్వే కంపెనీ ఉద్యోగులు పెట్టిన క్లబ్బు మొదటిసారి దేశ విజేత అయింది. "నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాం" అన్నాడు పెద్దాయన.

1984లో మళ్ళీ గెలిచారు. ఈసారి ఫైనల్లో రివర్ ప్లేట్‌ను వాళ్ళ సొంత మైదానంలో మూడు గోళ్ళతో ఓడించారు. రెండో ఆట కబజీతోలో. ఫెర్రో ఒక గోలు ఆధిక్యంలో ఉండగా గొడవలు చెలరేగి ఆట మధ్యలోనే ఆపేశారు. చెక్క మెట్లకు నిప్పంటుకుంది. కప్పు మాత్రం ఫెర్రోదే.

నన్ను ఆకట్టుకున్నది ఈ కప్పులు కావు. ఆ రోజుల్లో అదే ఆవరణలో గ్రిగోల్‌తోపాటు మరి ఇద్దరు శిక్షకులు ఉన్నారు. బాస్కెట్‌బాల్‌కు లియోన్ నఖ్‌నుదెల్, వాలీబాల్‌కు హూలియో వెలాస్కో. ముగ్గురూ ఒకరి ఆట ఒకరు చూసేవారు. బాస్కెట్‌బాల్‌లో ప్రత్యర్థికి దారి అడ్డం వచ్చి తమవాడికి వీలు కల్పించే ఎత్తుగడను గ్రిగోల్ తన ఫుట్‌బాల్‌లోకి తెచ్చుకున్నాడు. నఖ్‌నుదెల్ పట్టుబట్టి దేశమంతటికీ కలిపి ఒక బాస్కెట్‌బాల్ లీగు రావాలని ఊరూరా తిరిగాడు. 1985లో ఆ లీగు మొదలైతే తొలి విజేత ఫెర్రోనే. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో అర్జెంటీనాకు బాస్కెట్‌బాల్ స్వర్ణం వచ్చిందంటే దాని వేళ్ళు ఆ లీగులో ఉన్నాయని అందరూ ఒప్పుకుంటారు. ఆ జట్టులోని లూయిస్ స్కోలా ఫెర్రోలో పెరిగిన కుర్రవాడే. 1998లో పోయిన నఖ్‌నుదెల్ ఆ స్వర్ణం చూడలేదు. వెలాస్కో తరువాత ఇటలీ వెళ్ళి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వాలీబాల్ స్వర్ణం గెలిచిన ఇటలీ ఆడవాళ్ళ జట్టుకు శిక్షకుడు ఆయనే.

ఇదంతా ఒక పేట క్లబ్బు. ఈతకొలను, పిల్లలకు జిమ్నాస్టిక్స్, ముసలివాళ్ళు పేకాడుకునే గది, ఆదివారం మాంసం కాల్చుకునే పొయ్యిలు. దీనికి యజమాని అంటూ ఎవరూ లేరు. అక్కడి క్లబ్బులు లాభాపేక్ష లేని సంఘాలు. నెలనెలా చందా కట్టే సభ్యులే దాని సొంతదారులు. వాళ్ళే ఓట్లు వేసి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. మొదట రైల్వే ఉద్యోగులు పెట్టుకున్న క్లబ్బు కాలక్రమంలో పేటవాళ్ళందరిదీ అయింది. రొట్టెలు కాల్చేవాడు, బడిపంతులు, దర్జీ, అందరూ సభ్యులే. మా ఇన్‌స్టిట్యూట్‌కూ దానికీ తేడా అక్కడుంది. 1948లో ప్రభుత్వం బ్రిటిష్ రైల్వేలను కొనేసి, ఆ లైనుకు సార్మియెంతో అని పేరు మార్చింది. పడమటి రైల్వే కంపెనీ ఆనాటితో లేకుండా పోయింది. దాని పేరు క్లబ్బు చొక్కా మీద మిగిలింది.

*

ఇక జారుడు సంగతి.

1990లలో అర్జెంటీనా తన నాణేన్ని డాలరుకు సమానం చేసి, రైళ్ళతో సహా అన్నిటినీ ప్రైవేటు చేతుల్లో పెట్టింది. దాదాపు మూడు దశాబ్దాలు ఫెర్రో అధ్యక్షుడుగా ఉన్న సాంతియాగో లెయ్దెన్ 1993లో తప్పుకున్నాడు. గ్రిగోల్ కూడా ఆ ఏడే వెళ్ళిపోయాడు. ఆ తరువాత అప్పుల మీద అప్పులు. 1998-99లో జట్టు వరుసగా 875 నిమిషాలు ఒక్క గోలూ వేయలేకపోయింది. 1,075 నిమిషాలు గోలు పడనివ్వని క్లబ్బూ అదే, 875 నిమిషాలు గోలు వేయలేని క్లబ్బూ అదే. పద్దెనిమిదేళ్ళ తేడా. 2000లో మొదటి డివిజన్ నుంచి జారింది. 2001లో రెండో డివిజన్ నుంచీ జారింది. ఆ డిసెంబరులో దేశమే కూలింది. బ్యాంకులు జనం సొమ్మును బిగించేశాయి. వీధుల్లో గిన్నెలు, మూకుళ్ళు వాయిస్తూ జనం బయటికొచ్చారు. రెండు వారాల్లో అయిదుగురు అధ్యక్షులు మారారు. 2002లో న్యాయస్థానం ఫెర్రోను దివాలా తీసినట్టు ప్రకటించింది.

మామూలుగా అయితే కథ అక్కడితో ముగియాలి. మైదానం నగరం నట్టనడుమ ఉంది. దాన్ని అమ్మితే అపార్టుమెంట్లు లేచేవి. అప్పులవాళ్ళకు డబ్బు వచ్చేది. కాని 1999లో రేసింగ్ అనే పెద్ద క్లబ్బు మూతపడబోయి దేశమంతా అల్లరయ్యాక, 2000లో ఒక చట్టం వచ్చింది. దివాలా తీసిన క్లబ్బును వెంటనే అమ్మకుండా న్యాయస్థానం నియమించిన ధర్మకర్తలు నడుపుతారు. వచ్చిన ఆదాయంలోంచి మెల్లగా అప్పు తీరుస్తారు. రేసింగ్‌ను ఒక ప్రైవేటు కంపెనీకి అప్పజెబితే, 2001లో కప్పు గెలిచింది కాని 2008లో ఆ కంపెనీయే దివాలా తీసింది. ఫెర్రో ధర్మకర్తల దారిన నడిచింది. 2003లో మూడో డివిజన్ నుంచి రెండోదానికి ఎక్కింది. దివాలా నీడలోంచి బయటపడి సభ్యుల చేతికి తిరిగి రావడానికి 2014 దాకా పట్టింది. పన్నెండేళ్ళు.

నేను ఉన్నది ఆ పన్నెండేళ్ళ మధ్యలో. పెద్దాయన కార్డు చూపించి గేటు దాటుతున్నప్పుడు నాకు ఈ సంగతి తెలియదు. తెలిశాక అడిగాను. "దివాలా తీసిన క్లబ్బు, ఓటు హక్కు కూడా లేదు, అధికారమంతా కోర్టుది. మరి చందా ఎందుకు కడుతున్నారు?" ఆయనకు నా ప్రశ్న అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నా స్పానిషు వల్ల కాదు. అడగవలసిన ప్రశ్నలా ఆయనకు తోచలేదు. చివరకు, "ఈతకొలనులో నీళ్ళు మార్చాలి కదా" అన్నాడు.

2012 ఫిబ్రవరి 22 ఉదయం సార్మియెంతో లైను మీద రద్దీ వేళ వచ్చిన రైలు, మా పేట మీదుగానే సాగి, ఓన్సె టెర్మినల్‌లో ఆగలేక అడ్డుకట్టను గుద్దుకుంది. 51 మంది చనిపోయారు. ఏడువందల మందికి పైగా గాయపడ్డారు. ఆ వేసవి ఉదయం నేను సబ్‌వేలో వెళ్ళి బతికాను. సాయంత్రం వచ్చేసరికి పెద్దాయన మెట్ల మీద రేడియో పక్కన కూర్చొని ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళు ఆ లైనుకు పచ్చజెండా, ఎర్రజెండా చూపించినవాడు. ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. కాసేపటికి ఆయనే లేచి, "క్లబ్బుకు పోదాం" అన్నాడు. ఆ రోజు ఆట లేదు. లోపల బెంచీల మీద చాలామంది ఊరికే కూర్చొని ఉన్నారు. ఎవరూ పేక ముట్టలేదు. పిల్లలు మాత్రం కొలనులో ఈదుతున్నారు. నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

ఆ రాత్రి నాన్న ఫోను చేశారు. వార్త టీవీలో చూశారట. "బ్రేకులు చూసెటోళ్ళు లేరారా అక్కడ?" అని ఒకటే మాట మళ్ళీ మళ్ళీ. ఆ గొంతు ఒక ఫిట్టరుది. పట్టాలు ఒకటే అయినప్పుడు దుఃఖం కూడా ఒకటే కొలతలో వస్తుంది కాబోలు. కొన్ని నెలలకు ప్రభుత్వం ఆ ప్రైవేటు నిర్వాహకుల ఒప్పందం రద్దు చేసింది. కంపెనీ, ప్రభుత్వం, ప్రైవేటు, మళ్ళీ ప్రభుత్వం. లైను ఎన్ని చేతులు మారిందో! పక్కనున్న క్లబ్బు మాత్రం ఆడుకొనేవాళ్ళ చేతిలోనే మిగిలింది.

*

నాన్న 2019లో పోయారు. పెద్దకర్మ అయ్యాక ఆయన ట్రంకుపెట్టె తెరిచాను. సర్వీసు కాగితాలు, ఒక పానా, అమ్మ పెళ్ళినాటి ఫోటో, రబ్బరుబ్యాండు చుట్టిన రసీదుల కట్ట. ఇన్‌స్టిట్యూట్ చందా రసీదులు. రిటైరయ్యాక కూడా ఏటా కట్టారు. చివరిది 2018ది. ఆయన మోకాళ్ళ నొప్పులతో ఇన్‌స్టిట్యూట్ గడప తొక్కి అప్పటికి ఏడేళ్ళు.

ఈ రసీదుల గురించి నాకు ముందే తెలుసు. అదే నన్ను ఇన్నాళ్ళూ ఈ టపా రాయనివ్వలేదు. అర్జెంటీనా వెళ్ళక ముందు ఒకసారి, "మీరు వెళ్ళనే వెళ్ళరు, అక్కడ క్యారమ్స్ బల్లలు కూడా విరిగిపోయాయి, ఎందుకు నాన్నా ఈ డబ్బులు దండగ?" అని విసుక్కున్నాను. "నేను పోకున్నా అది తెరిచుండాలె గద" అన్నారు. నేను నవ్వాను. నవ్విన సంగతి ఆయన చూశారు. అదే ప్రశ్నను ఏడాది తరువాత వేల మైళ్ళ అవతల మరో రైల్వే ముసలాయనను అడిగి, ఆయన చెప్పిన జవాబును గొప్ప విశేషంగా నోటు పుస్తకంలో రాసుకున్నాను. నాన్న చెప్పింది రాసుకోలేదు. ఫోనులో గేజు గురించి అన్ని కబుర్లు చెప్పినవాణ్ణి, ఈ ఒక్క సంగతి, "మీరన్నదే ఇక్కడా అంటున్నారు నాన్నా" అని చెప్పలేదు. అప్పుడు తోచలేదు. తోచేసరికి ఆయన లేరు.

2023 డిసెంబరులో అర్జెంటీనా ప్రభుత్వం ఒక అత్యవసర ఆదేశం తెచ్చింది. సభ్యుల క్లబ్బులు ఇక కంపెనీలుగా మారవచ్చునని, మదుపరులు వాటిని కొనవచ్చునని. క్లబ్బులు చాలావరకు వద్దన్నాయి, వివాదం కోర్టులకెక్కింది. కంపెనీ చేతికి పోతే ఫెర్రో మళ్ళీ మొదటి డివిజన్‌కు వెళ్ళేదేమో. 2003లో రెండో డివిజన్‌కు ఎక్కి రెండు దశాబ్దాలు దాటినా పైమెట్టు అందలేదు మరి. డబ్బు లేని క్లబ్బుకు గెలుపు కష్టమన్న వాదనను నేను తేలిగ్గా తీసిపారేయలేను. ఓడిపోయే ఆటలు ఏడెనిమిది స్వయంగా చూసినవాణ్ణి. కాని కొన్నవాడికి అది ఒక జట్టు. కొలనులో నీళ్ళు మార్చడం వాడి లెక్కల్లో ఎక్కడ వస్తుందో నాకు తెలియదు.

పోయినేడు మా ఊరు వెళ్ళినప్పుడు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళాను. రసీదుల కట్ట సంచిలో ఉంది. నాన్న పేరు మీద చందా కట్టవచ్చునా అని అడిగాను. గుమాస్తా మర్యాదస్తుడు. రసీదులు తిప్పి చూసి, నాన్న పేరు చదివి, "పాత మనిషి సార్" అన్నాడు. "కాని మీరు రైల్వే కాదు గద" అని కూడా అన్నాడు. నిజమే. నేను రైల్వే కాదు.

బయటికొచ్చి వేపచెట్టు కింద అరుగు మీద కూర్చున్నాను. వెనుక మైదానం గోడ ఒకచోట కూలి నడుము ఎత్తుకు దిగింది. సాయంత్రం అయిదు కాగానే కాలనీ అవతలి వాడలోంచి పిల్లలు పది పన్నెండుమంది, బ్యాటూ బంతీ పట్టుకొని, ఆ గోడ దూకి లోపలికి వచ్చారు. వాళ్ళెవరూ రైల్వే కాదని నడకలోనే తెలుస్తోంది. వాచ్‌మన్ కుర్చీలో కూర్చొని చూస్తున్నాడు. వాళ్ళు వికెట్లు పాతుకున్నారు. ఆయన లేచి, కుర్చీని అటుపక్కకు తిప్పుకొని, మళ్ళీ కూర్చున్నాడు.